నీలి ఈగలు తెచ్చిన కాపు

అనకాపల్లి కొత్త జిల్లా అయిన ఏడాది డిసెంబరులో నన్ను మునగపాక నుంచి అనకాపల్లికి ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి ఇంకా పదిహేడు నెలలు ఉంది. మండలంలో పండ్లతోటలు, కూరగాయలు, పూలతోటల బాగోగులు చూసే ఉద్యోగం మాది. మా పైన సహాయ సంచాలకులు ఉంటారు. ఆయన్ని ఏడీగారు అంటాం. చెట్టును చూడడం, చూసినది కాగితం మీద పెట్టి సంతకం చేయడం మా పనిలో సగం. ఆ కాగితం పేరు క్షేత్ర పరిశీలన నివేదిక. సర్వీసు మొత్తంలో అలాంటివి ఎన్ని రాశానో నాకే లెక్క తెలియదు. వాటిలో ఒక్కటి మాత్రం నెలల తరబడి ఆపి ఇచ్చాను. ఈరోజు గర్వంగా చెప్పుకోదలచింది దాని గురించే.

నేను చేరిన వారానికే మున్సిపాలిటీ నుంచి ఒక ఫైలు వచ్చింది. బెల్లం వ్యాపారి ప్రకాశరావుగారు తన పెరట్లో ఉన్న మామిడిచెట్టును కొట్టించడానికి అనుమతి అడిగారు. కాపు ఉడిగిపోయిందనీ, ఆ జాగాలో చిన్న గోడౌను వేసుకుంటాననీ అర్జీలో రాశారు. చెట్టు నిజంగా కాపుకు పనికిరానిదేనా అని మా అభిప్రాయం కావాలి. ఏడీగారు ఫైలు నా బల్ల మీద పెట్టి, ఒక పూట పని, చూసి రాసేయండి అన్నారు. నేనూ అలాగే అనుకుని వెళ్ళాను.

అది సువర్ణరేఖ. మా ఉత్తరాంధ్ర వాళ్ళకు ఆ కాయ గురించి చెప్పనక్కరలేదు. బుగ్గన ఎర్రటి డాలుతో, మిగతా రకాలకంటే ముందే బజారుకు వస్తుంది. చెట్టు మొదలు చుట్టూ తిరిగి చూశాను. కాండంలో పురుగు తొలిచిన రంధ్రం ఒక్కటీ లేదు. బెరడు పగల్లేదు, జిగురు కారలేదు. ఆకు ముదురుపచ్చగా, నిండుగా ఉంది. ముసలితనం ఛాయ ఎక్కడా లేదు.

ప్రకాశరావుగారు అరవై దాటిన మనిషి. మాటలో విసుగున్నా మర్యాద తప్పలేదు. "పూత బ్రహ్మాండంగా వత్తాదండీ మేడంగారూ. చెట్టంతా పూతే. పిందె మాత్రం నిలవదు. మూడేళ్ళయి ఊరగాయకి కూడా బజార్లో కొనుక్కుంటున్నాం" అన్నారు. పురుగుమందుల షాపులో పూత రసం పీల్చే తేనెమంచు పురుగు అని చెబితే, ఏటా పూత నిండుగా ఉన్నప్పుడు రెండుసార్లు మందు కొట్టిస్తున్నారట. ఎన్నింటికి కొడతారని అడిగాను. పొద్దున్న పదింటికి అన్నారు. పూత మీద పురుగులు ఎక్కువగా తిరిగే వేళ అదే.

మూడేళ్ళ కిందట ఇంకేం మారిందని అడిగాను. ఆయన ఏమీ లేదన్నారు. అంతవరకు గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య శారదమ్మగారు, "ఎందుకు లేదూ? ఆ ఏడే కదండీ గోడ ఎత్తు చేయించేం, పెరడంతా సిమెంటు చేయించేం" అన్నారు.

గోడ ఎందుకు ఎత్తు చేయించారో చెప్పడానికి ఇద్దరూ కాస్త ఇబ్బంది పడ్డారు. వెనక ఇంట్లో నూకరత్నం అనే చేపలమ్మే ఆవిడ ఉంటుంది. పూడిమడక నుంచి వచ్చే చేపలను ఆ గోడ పక్కనే శుభ్రం చేసి, పొలుసు, పేగులు అక్కడే గుంటలో వేసేది. వీళ్ళు గుడ్డు కూడా ముట్టని కుటుంబం. కంపు భరించలేక మున్సిపాలిటీలో ఫిర్యాదు పెట్టారు. గుంట పూడ్చేశారు. నూకరత్నం అప్పటి నుంచి బజారులోనే చేప కోసుకుని వస్తోంది. రెండిళ్ళకూ మాటలు లేవు.

నాకు అనుమానం అక్కడే మొదలైంది. మామిడి పుప్పొడి జిగటగా ఉంటుంది. గాలికి ఎగిరి పక్కపువ్వు మీద పడదు. దాన్ని మోసుకెళ్ళడానికి ఏదో ఒక పురుగు కావాలి. తేనెటీగే అనుకుంటారు చాలామంది. అది వేరే మంచి పువ్వు దొరికితే మామిడిని అంతగా పట్టించుకోదు. పైగా అనకాపల్లిలో దానికి బెల్లం ఉండనే ఉంది. మామిడికి ఎక్కువ చాకిరీ చేసేవి ఈగలు. ముఖ్యంగా కుళ్ళిన మాంసం మీదా, చేప మీదా పెరిగే మెరుపు నీలి ఈగలు. మామిడితోటల్లో పూతకాలంలో చచ్చిన చేపలు వేలాడదీసే రైతులు ఉన్నారని చదువుకున్నాను. ఈ ఇంట్లో ఆ ఈగలు పుట్టే చోటును పూడ్చేశారు, మిగిలినవాటిని మందుతో చంపుతున్నారు.

నివేదిక రాయలేదు. ఒక పూతకాలం గమనించిన తర్వాత అభిప్రాయం ఇస్తామని ఫైలు మీద రాసి ఏడీగారికి పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి నన్నొకసారి చూసి, పూత నిలవకపోతే ఆ మాట మన ఆఫీసు మీదికే వస్తుందని హెచ్చరించి సంతకం చేశారు.

ఇక ప్రకాశరావుగారిని ఒప్పించడం మిగిలింది. చెట్టు పాదు చుట్టూ, గోడ వారా మూరెడు మేర సిమెంటు పగలగొట్టించమన్నాను. అక్కడ కొత్తిమీర, బంతి, తులసి వేసి, కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలేయమన్నాను. చిన్నచిన్న ఈగలు, తేనెటీగలు వాటికోసం వచ్చి మామిడి మీదా వాలతాయి. శారదమ్మగారు అప్పటికప్పుడే సరేనన్నారు. మొగ్గ విచ్చాక పురుగుమందు వద్దన్నాను. గునుస్తూ అదీ ఒప్పుకున్నారు. చేప వ్యర్థం కుండల్లో వేసి కొమ్మలకు కట్టాలని చెప్పేసరికి ప్రకాశరావుగారు లేచి నిలబడ్డారు.

"మా పెరట్లో చేపకుండలా? ఇంకా నయం, వంటింట్లో పెట్టమన్నారు కాదు!"

మీ పెరట్లో కాదు, కొమ్మలు గోడ దాటి వాలిన చోట నూకరత్నం వైపు పెడదామన్నాను. అడగాల్సింది మాత్రం మీరేనని కూడా చెప్పాను. ఆయన కదల్లేదు. వారం తర్వాత శారదమ్మగారే నన్ను తోడు తీసుకుని సందు తిరిగి వెనక ఇంటికి వెళ్ళారు.

నూకరత్నం యాభై ఏళ్ళ మనిషి. అప్పుడే బజారు నుంచి వచ్చి గంప కడుక్కుంటోంది. మేం చెప్పిందంతా విని, నవ్వాలో తిట్టాలో తేలనట్టు చూసింది.

"కంపని కంప్లైంటు పెట్టినారు గదమ్మా. ఇప్పుడు ఆ కంపే కావాలేటి?"

శారదమ్మగారు తలవంచుకుని, "కావాలే రత్నం. అప్పుడు నీతో ఓ మాట చెప్పకుండా వెళ్ళడం మాదే తప్పు" అన్నారు.

నూకరత్నం గంప బోర్లించి దాని మీద చెయ్యి పెట్టింది. "సరే, పెడతాను. కానీ రేపు ఈగలొచ్చినాయని మళ్ళీ ఆపీసుకెళ్తే నానూరుకోను. సావుకారు కాయితం రాసియ్యాల."

ఆ కాగితం ప్రకాశరావుగారు రాశారు. పూతకాలమంతా తన సమ్మతితోనే కుండలు పెడుతున్నారనీ, దీని మీద ఫిర్యాదు చేయననీ నాలుగు వాక్యాలు. సాక్షిగా నేను సంతకం పెట్టాను. పారిశుధ్య సిబ్బందికి కూడా ముందే చెప్పాను. చిల్లుల మట్టికుండల్లో చేప వ్యర్థం కొద్దిగా వేసి, వంటిళ్ళకు దూరంగా కొమ్మలకు కట్టాలి. పూత అయిపోగానే గొయ్యి తీసి కప్పెట్టేయాలి. అది మా ఒప్పందం.

జనవరి నెలాఖరుకు పూత విచ్చింది. నేను కొన్ని పూగుత్తులకు దోమతెర గుడ్డతో సంచులు కట్టాను, లోపలికి ఏ పురుగూ పోకుండా. వాటి పక్కనున్న గుత్తులకు ఎర్రదారం కట్టి, వాటిని తెరిచే ఉంచాను. రెండిటినీ పోల్చి చూస్తే పురుగు పనెంతో తెలుస్తుంది. పొద్దున్న ఏడింటికల్లా చెట్టు కింద కుర్చీ వేసుకుని, ఏ గుత్తి మీద ఏం వాలిందో రాసుకునేదాన్ని. మొదటి వారం చీమలు తప్ప చెప్పుకోదగినవేవీ రాలేదు. రోజూ కాఫీ ఇచ్చే శారదమ్మగారు నా పుస్తకంలోకి తొంగిచూసి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేవారు.

రెండో వారంలో మంచు పట్టింది. పూగుత్తుల మీద అక్కడక్కడ తెల్లటి పొడి కనిపించింది. దాన్ని బూడిద తెగులు అంటాం. వదిలేస్తే పూత మాడిపోతుంది. ఆ రోజు నేను సబ్బవరంలో శిక్షణలో ఉన్నాను. పదింటికి ఫోను మోగింది. నూకరత్నం.

"మేడంగారూ, మందు కొట్టీవోడు వచ్చీసినాడు! డబ్బాలో రెండు మందులు కలిపేత్తన్నాడు. నాను ఆపుతాను, మీరు బేగి రండి!"

స్కూటీ మీద నేను చేరేసరికి ముప్పావు గంట పట్టింది. సందులో జనం మూగి ఉన్నారు. నూకరత్నం చేపల టబ్బు బోర్లించి దానిమీదెక్కి, గోడమీద మోచేతులానించి, పూతకు అడ్డంగా నిలబడి ఉంది. అటువైపు వీపున డబ్బాతో మందు కొట్టే మనిషి దిక్కుతోచక నిలబడ్డాడు.

"కొట్టరా, ముందు నామీద కొట్టు. నా కుండలు కట్టినాక పూత పోనాదనుకో, సేపకంపుకే పోనాదని ఊరంతా నన్నే అంటారు. నానెందుకు పడాలి ఆ మాట?"

ప్రకాశరావుగారి ముఖం కందిపోయి ఉంది. "కళ్ళముందు పూత మాడిపోతూంటే చూస్తూ కూర్చోమంటారా? ఇది పోతే ఎవరండీ జవాబు?" అని నన్ను నిలదీశారు.

ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. తెగులు నిజమే. నేను గుత్తి కింద తెల్ల తువ్వాలు పట్టి దులిపి చూపించాను. తేనెమంచు పురుగులు రెండో మూడో రాలాయి, అంతే. ఆ కాసిని పురుగులకు మందు అక్కరలేదని చెప్పాను. బూడిద తెగులుకు మాత్రం నీటిలో కలిపే గంధకం పొడి చాలు, అదీ ఈగలన్నీ వెళ్ళిపోయాక సాయంత్రం పూట కొట్టాలి. అంతమాత్రం చెప్పి వెళ్ళిపోవచ్చు. కానీ ఆయన అడిగింది జవాబు ఎవరిదని. అక్కడే జేబురుమాలు పరిచిన స్కూటీ సీటు మీద కాగితం పెట్టి, ఏ మందు, ఎంత, ఏ వేళకు అన్నది రాసి, ఫలితానికి బాధ్యత నాదేనని కింద సంతకం చేసి ఇచ్చాను. అలా రాసివ్వమని మా నిబంధనల్లో ఎక్కడా లేదు.

ఆయన కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆ డబ్బా పారబోసీరా" అని మందు కొట్టే మనిషితో అన్నారు. సాయంత్రం ఆరింటికి అతనే కొత్తగా కడిగిన డబ్బాతో గంధకం కొట్టాడు. నేను దగ్గరుండి కొట్టించాను.

నాలుగు రోజులకు మంచు విడిచింది, తెగులు ఆగింది. మరో రెండు రోజులకు పొద్దున్నే కుర్చీ వేసుకుని తలెత్తేసరికి, గోడ దాటిన కొమ్మ మీద పూత కదులుతున్నట్టు కనిపించింది. నీలి ఈగలు. ఎండ పడి రెక్కలు మెరుస్తున్నాయి. వాటి కాళ్ళకు పసుపు పొడి. కొత్తిమీర పూత మీద నుంచి సన్నటి చారల ఈగలు లేచి మామిడి మీదికి వస్తున్నాయి. గబగబా వేళ రాసుకున్నాను. నూకరత్నాన్ని పిలిస్తే గోడమీంచి చూసి, "ఇయ్యా మేడంగారూ! ఈటికా నన్నింత బతిమాలినారు!" అంది.

మార్చి మొదటివారంలో రెండిళ్ళవాళ్ళ ఎదుట సంచులు విప్పాను. వాటిలో ఎండిపోయిన పూకాడలే ఉన్నాయి, ఒక్క పిందె లేదు. ఎర్రదారం కట్టిన గుత్తుల్లో గోళీకాయలంత పిందెలు వేలాడుతున్నాయి. ప్రకాశరావుగారు సంచీలోని ఎండుకాడను ఒక చేత్తో, పిందెల గుత్తిని ఇంకో చేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు. గోడ వైపు తిరిగి, "రత్నం, వచ్చే ఏడు కూడా కుండలు కట్టాలి" అన్నారు. "కాయితం మళ్ళీ రాయాలి మరి" అంది నూకరత్నం. అందరం నవ్వాం. ఏప్రిల్లో కాయ దిగినప్పుడు గోడ దాటిన కొమ్మల కాపు ఆవిడదేనని ఆయనే తేల్చారు.

చెట్టు ఆరోగ్యంగా ఉంది, నరకడానికి సిఫారసు చేయడం లేదు అని నివేదిక ఇచ్చాను. అప్పటికే ఆయన అర్జీ వెనక్కి తీసుకున్నారు. ఏడీగారు నివేదికతోపాటు నా గమనింపుల పుస్తకం కూడా తెప్పించుకుని చదివి, దేవరాపల్లి జీడిమామిడి రైతుల శిక్షణలో దీని గురించి మాట్లాడమని నన్నే పంపారు. సర్వీసులో నాకు దొరికిన మెప్పుల్లో అదే పెద్దదిగా భావిస్తాను.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మందు మానడం, పూలమడి, చేపకుండలు, ఈ మూడింటినీ ఒకే ఏడాది చేయించాను. కాబట్టి కాపులో ఏది ఎంత వంతు తెచ్చిందో నేను చెప్పలేను. పురుగు చేరని గుత్తి కాయలేదు, చేరిన గుత్తి కాసింది అన్నంత వరకే నాకు తెలుసు.

ముప్ఫై ఏళ్ళపాటు నేను వేరు చూశాను, కాండం చూశాను, ఆకు చూశాను, మట్టి పరీక్షకు పంపాను. పూత మీదికి ఎవరు వచ్చి వెళుతున్నారో కూర్చుని చూడడం ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను. ఆ తర్వాత కాపు లేదని వచ్చిన ప్రతి అర్జీకీ నా నివేదికలో ఒక గడి అదనంగా గీసుకున్నాను. పూత మీద ఏ పురుగు, ఏ వేళకు వాలింది అన్నది అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న ఏ నివేదిక మీదా పదవీ విరమణ రోజు వరకు సంతకం పెట్టలేదు.