క్యాసినో మీద ఆంటీ ప్రార్థన

సముద్రం ఒడ్డున ఉన్న క్యాసినోలో ఉద్యోగం వచ్చినప్పుడు, మా జెర్సీ సిటీ తెలుగు చర్చిలో సాక్ష్యం చెబుతూ "హోటల్ కంపెనీ" అన్నాను. అక్కడ హోటల్ కూడా ఉంది కనుక అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను. జూదం మెషీన్ల సాఫ్ట్‌వేర్ చూడడం నా పని అంటే పాస్టర్‌గారి ముఖం ఎలా మారేదో నాకు తెలుసు.

ఆ రోజుల్లో అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. పార్కింగ్‌లో చోటు కోసం కార్లు గిరగిరా తిరిగేవి. శనివారం బస్సుల్లో వచ్చేవాళ్ళలో మా చర్చి ఆంటీ ఒకావిడ భర్త కూడా ఉండేవారు. ఆయన కంటపడకుండా నేనే స్తంభాల చాటుకు పోయేదాన్ని. దాక్కోవలసింది ఎవరో మరి!

ఆదివారం ప్రార్థన అంశాలు అడగ్గానే ఆంటీ లేచేది. "ప్రభువా, మా ఇంటాయన్ని చెడగొడుతున్న ఆ క్యాసినో మూతపడాలి తండ్రీ!" అందరితోపాటు నేనూ "ఆమేన్" అనేదాన్ని. అనకపోతే పక్కవాళ్ళు చూస్తారని భయం. అంటే దేవుడు వింటాడని అంతకన్నా భయం. నా వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది.

విన్నట్టే ఉన్నాడు. పక్క రాష్ట్రంలో కొత్త క్యాసినోలు తెరిచారు, బస్సులు అటు మళ్ళాయి. ముందు మా బఫే ఎత్తేశారు. తరువాత ఒక టవర్‌లో లైట్లు ఆర్పేశారు. మెషీన్లు ఆఫ్ చేయమని నాకే చెప్పేవారు. ఒక్కో వరుసా ఆరిపోతుంటే, ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకునేదాన్ని. "దేవా, జనాన్ని పంపించు" అని అడగాలనిపించేది గానీ, జూదరుల కోసం ప్రార్థించడానికి నోరు రాలేదు. చివరికి తలుపులకు గొలుసులు వేశారు. రెండు నెలల్లో వేరే ఉద్యోగం దొరక్కపోతే నేను దేశం వదలాలి.

ఆ ఆదివారం ఆంటీ ఏడుస్తూ కృతజ్ఞతా సాక్ష్యం చెప్పింది. చర్చంతా చప్పట్లు కొట్టింది. నా చేతులు లేవలేదు.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అని ఆవిడే దగ్గరికొచ్చింది.

ఇక దాచలేకపోయాను. "ఆంటీ, నేను జాబ్ చేసింది అక్కడే. ఇప్పుడు వీసా కూడా పోతుంది. చాలా భయంగా ఉంది."

"అయ్యో తల్లీ, ముందే చెప్పొచ్చు కదా! ఉండు, నీ కోసం ప్రేయర్ చేస్తాను" అని నా తల మీద చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఒక్క నిమిషం ఆంటీ. జాబ్, వీసా రెండూ పేరు పెట్టి అడగండి. ఈ దేశంలోనే అని కూడా చెప్పండి."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు. ఏమడుగుతుందోనని ఆవిడ పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాను.