అత్తమ్మ గుంజి ఇచ్చిన మందు

ఎనిమిదేళ్లు ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. వింటున్న మనిషి ముఖం మారిపోవడం నేను చూడక్కరలేదు కదా.

మాది భూపాలపల్లి. నా భర్త బొగ్గు బావిలో పనిచేస్తాడు. మేముండేది కార్మికుల క్వార్టర్లలో. నేను మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, ఆరో నెలలో, షుగర్ వచ్చిందన్నారు. తిండి తగ్గించినా దిగలేదు. రోజుకు రెండుసార్లు, తినే ముందు, ఇన్సులిన్ వేసుకోవాలన్నారు. నాకు సూదంటే చిన్నప్పటి నుంచీ భయం. ఆ సంగతి తెలిసి మా అత్తమ్మ నర్సింహులపేట నుంచి వచ్చింది. పత్తి ఏరే రోజులవి. చేను పక్కవాళ్లకు అప్పజెప్పి మరీ వచ్చింది.

మొదటి పది రోజులు నా భర్తే వేశాడు. తొడలు నల్లగా కమిలిపోయాయి. ఒకే సూదిని మొద్దుబారేదాకా వాడేవాళ్లం. ఫ్రిజ్‌లోంచి తీసిన మందును చల్లగా ఉండగానే ఎక్కించేవాళ్లం. ప్రతిసారీ సూది మార్చాలనీ, మందును కాసేపు బయట ఉంచితే అంత నొప్పి ఉండదనీ ఎంతో కాలం తర్వాత ఒక నర్సు చెప్పింది. అప్పుడే అడిగి ఉంటే చెప్పేవారు. ఎందుకు అడగలేదు? ఇంత చిన్న సూదికే ఇంత ఏడుపా అంటారని. పొట్ట మీద వేసుకోమన్నప్పుడు, సూది లోపల బిడ్డకు తగులుతుందేమో అన్న అనుమానం కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

తర్వాత ఆయనకు షిఫ్టు మారింది. సీసాలోంచి సిరంజిలోకి మందు గుంజడం అత్తమ్మ నేర్చుకుంది. చదువు లేదు గానీ అంకెలు వచ్చు. వాకిట్లో నిలబడి, సిరంజిని వెలుతురుకు ఎత్తి, గీతలు లెక్కపెట్టుకుంటూ గుంజేది. ఒక కంట్లో పొర ఉంది కాబట్టి ఒకటికి రెండుసార్లు చూసేది. పొడవడానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలేది కాదు. "నేనే వేసుకుంట అత్తమ్మా" అని సిరంజి తీసుకుని బాత్రూంలోకి పోయేదాన్ని.

మొదటి రోజు నిజంగానే వేసుకుందామనుకున్నాను. చర్మం పట్టుకుని, సూది ఆనించి, అలాగే నిలబడిపోయాను. బయటి నుంచి "అయిందా బిడ్డా?" అంది. అయిందన్నాను. మందును తూము దగ్గర చిమ్మేసి, వాసన రాకుండా రెండు చెంబుల నీళ్లు పోశాను. ఈ ఒక్క పూటకే అనుకున్నాను.

రెండు నెలలు అదే చేశాను.

వేలు పొడిచి చూసుకునే మిషన్ కూడా పక్కన పెట్టేశాను. నోటుబుక్కులో తోచిన అంకెలు రాశాను. దవాఖానకు వెళ్లాల్సిన రోజుకు నాలుగు రోజుల ముందు మాత్రం పళ్లు బిగబట్టి వేసుకుని, అన్నం సగానికి సగం తగ్గించేదాన్ని. డాక్టరమ్మ నోటుబుక్కు చూసి శ్రద్ధగా రాస్తున్నావని మెచ్చుకుంది. షుగర్ ఎక్కువైతే బిడ్డ లావుగా పెరిగి కాన్పు కష్టమవుతుందని కూడా చెప్పింది. విన్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. బిడ్డ కదిలిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేదాన్ని. కదలకపోతే ఇంకా భయపడేదాన్ని. ఆ భయం, సూది భయం, రెండూ నాలోనే ఉండేవి. రోజూ సూది భయమే గెలిచేది.

కాన్పులో పాప భుజం ఇరుక్కుంది. లాగి తీశారు. ఎడమ చేయి కదల్లేదు. పుట్టగానే పాప ఒంట్లో షుగర్ పడిపోయిందని అద్దాల పెట్టెలో పెట్టారు. మర్నాడు డాక్టరమ్మ నా మంచం దగ్గరికి వచ్చి ఇన్సులిన్ ఎవరు ఇచ్చేవారని అడిగింది.

"మా అవ్వ గుంజి ఇస్తుండె. ఈమె వేసుకుంటుండె" అన్నాడు నా భర్త, వాళ్లమ్మను చూపిస్తూ.

డాక్టరమ్మ అత్తమ్మ వైపు తిరిగింది. "గీతలు సరిగ్గా కనిపించేవా అమ్మా?"

అత్తమ్మ పొర ఉన్న కన్ను నులుముకుంది. "కనబడుతున్నయనే అనుకున్న మేడం. ఒక కంటికి జర పొర ఉన్నది. నేనే తక్కువ గుంజిన్నేమో." తర్వాత నన్ను చూసింది. "నువ్వన్న జూడకపోతివా బిడ్డా?"

నేను కళ్లు మూసుకున్నాను. నొప్పికి మూసుకున్నాననుకున్నారు.

ఆ ఏడాదే ఆమె మహబూబాబాద్‌లో కంటికి ఆపరేషన్ చేయించుకుంది. ముందే చేయించుకుంటే పాపకు ఇట్లా అయ్యేది కాదని కనబడిన వాళ్లందరితో అనేది. రెండేళ్లు మా దగ్గరే ఉండి, దవాఖానలో చూపించినట్టే రోజూ పాప చేయిని వంచి, చాపి, కదిలించింది. చేయి భుజం ఎత్తుదాకా లేచింది. అంతకు మించి లేవదు. నా పాప తన జడ తాను వేసుకోలేకపోతోంది. "ఇగ పాపకు మందులు నువ్వు పొయ్యకు అవ్వా" అని నా భర్త మెత్తగానే అన్నాడు. ఆ తర్వాత ఆమె జ్వరం మందు సీసా కూడా ముట్టలేదు. అన్నీ చూశాను. ఇన్సులిన్ సరిగ్గా వేసుకున్నా కొందరికి ఇలా అవుతుందని ఎవరో చెబితే, ఆ మాట చాటున కూడా కొన్నాళ్లు దాక్కున్నాను.

మొన్న వానాకాలంలో అత్తమ్మకే షుగర్ ఎక్కువై ఇన్సులిన్ రాశారు. మా దగ్గరికి తీసుకొచ్చాం. "నువ్వే గుంజు బిడ్డా. నా చెయ్యి మంచిది గాదు" అంది. రోజూ పొద్దున అదే మాట. కొత్త సూదితో వేసేదాన్ని. ఆమె కళ్లు కూడా ఆర్పేది కాదు. ఒక పొద్దున, పాప బడికి పోయాక, సిరంజి నా చేతిలోనే ఉండిపోయింది.

"అత్తమ్మా, నువ్వు సరిగ్గనే గుంజినవ్. నేనే వేసుకోలె. పారబోసిన."

"ఎన్ని రోజులు?"

"రెండు నెలలు."

చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పిల్లకు చెప్పినవా?"

"లే."

"చెప్పాలె. చెయ్యి దానిది."

మూడో రోజు నర్సింహులపేట వెళ్లిపోయింది. అక్కడ తన మందు తనే గుంజి వేసుకుంటోందని మా మరిది చెప్పాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తదు. అత్తమ్మకు చెప్పిన సాయంత్రమే నా భర్తకూ చెప్పాను. ఇంట్లో అవసరమైన మాటలు మాత్రం మాట్లాడుతున్నాడు.

పాపకు ఇంకా చెప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు ఇక్కడ రాసి చూసుకున్నాను. నానమ్మ తప్పు ఏమీ లేదు. నేను భయపడ్డాను. మందు పారబోశాను. నానమ్మ మీదికి నింద పోతుంటే నోరు మూసుకుని పడుకున్నాను. చెప్పాల్సింది ఇంతే. రాశాక ఊపిరి ఎన్నో ఏళ్లకు లోపలిదాకా దిగుతోంది.