బావ చిప్పు వేయించిన కుక్క

మా అక్క మొగుడికి గొప్పలంటే ప్రాణం. విజయనగరంలో తన కుక్కలాంటిది ఇంకెవరికీ ఉండకూడదని, దాన్ని కారులో విశాఖపట్నం తీసుకెళ్లి, మెడ చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు వేయించుకొచ్చాడు. ఇంటికెవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ కథే. "తప్పిపోయిందనుకో, ఎక్కడున్నాదో నా ఫోన్లో సూపించేస్తాది" అనేవాడు. పెరుగన్నం కలిపిపెట్టేదీ, స్నానం చేయించేదీ, వాంతి చేసుకుంటే ఎత్తిపోసేదీ అక్క. బావ పనల్లా దాని పక్కన నిలబడి ఫొటో దిగడం.

గజపతినగరంలో స్నేహితుడింట్లో పెళ్లికి కుక్కనూ వెంటేసుకెళ్లాడు, నలుగురికీ చూపించాలిగా! చిప్పుండగా ఇవెందుకని మెడపట్టీ, గొలుసూ ఇంట్లోనే వదిలేశాడు. అంత తెలివి మరి. బాణసంచా పేలగానే కుక్క పరారు. ఈయన వెతకడం మానేసి పందిట్లో కూర్చుని ఫోన్ నొక్కుకుంటున్నాడట. చివరికి చిప్పు వేసిన డాక్టర్నే అడిగితే, అందులో ఉండేది ఒక నంబరేననీ, దాన్ని చదవాలంటే కుక్కను పట్టుకుని మిషను ఆనించాలనీ చెప్పాడు. ఆ మిషను ఆ చుట్టుపక్కల లేదు.

అక్క తిండి మానేసింది. కొన్నాళ్లకు, పక్క పల్లెలో ఓ రైతు పశువులశాలలో కుక్క ఉందని కబురొచ్చింది. "నేనూ వస్తాను, నా గొంతింటే వచ్చేస్తాది" అని అక్క బతిమాలింది.

"పదిమంది మగాళ్ల మజ్జిన నీకేటి పనే? సిప్పుంది కదా!" అని కసిరి బావ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కడేం జరిగిందో కారు డ్రైవరు చెప్పాడు. నీదని రుజువేటని రైతు అడిగితే బావ చిప్పు మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఊరి పెద్దలు ఓపిగ్గా విన్నారు. దూడ ఎవరిదన్న తగువొస్తే ఇద్దర్నీ చెరోపక్క నిలబెట్టి పిలిపించడం ఆ ఊరి పద్ధతి. కుక్కకూ అదే చేశారు. బావ "కమాన్, కమాన్" అని చిటికెలేశాడు. కుక్క ఆయన బూట్లు వాసన చూసి, వెళ్లి రైతు కాళ్ల దగ్గర పడుకుంది. పెద్దలు నవ్వుతూ లేచిపోయారు.

ఇంటికొచ్చి ఈ మహానుభావుడు అన్న మాట: "విశ్వాసం లేని కుక్క. పోతే పోనీ."

మర్నాడు ఆయన ఆఫీసుకెళ్లగానే నేనూ అక్కా రైలెక్కాం. ఆ రైతు వాకిట్లో అక్క "నాన్నా" అని ఒక్క పిలుపు పిలిచింది, అంతే. కుక్క తాడు తెంపుకొచ్చి ఆమెను కింద పడేసి మొహమంతా నాకేసింది. అక్క దాన్ని కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రైతు దాని మెడకు మిగిలిన తాడు ముక్క విప్పాడు.

"కుక్క నీదేనమ్మా, సందేహం లేదు. మరి నిన్నొచ్చినాయన ఎవులు?"

అక్క పైటతో మొహం తుడుచుకుంది.

"అతనా? మా ఇంట్లోనే ఉంటాడు."