పాత కూలికే వస్తానన్న అవ్వ

కూలి పెంచేదాకా నాట్లకు పోవద్దని మా ముఠా ఆడవాళ్లందరితో వరి నారుకట్ట మీద ఒట్టు వేయించింది నేనే. మమ్మల్ని నాట్లకు పిలిచే నస్రుల్లాబాద్ రైతు చివరికి దిగివచ్చాడు. కానీ, "గింత కూలి ఇచ్చినంక ముసలోళ్లతోని ఎట్ల నడుస్తది? గట్టోళ్లనే తోల్కరా" అన్నాడు.

తెల్లారి బాన్సువాడలో ఆటో ఎక్కే దగ్గరికి, నాకు నాటు వేయడం నేర్పిన అవ్వ సద్దిగిన్నతో ఎప్పటిలాగే వచ్చింది. సంగతి చెప్పాను.

"నాకు పాత కూలే ఇయ్యమను బిడ్డా" అంది.

సరేనంటే ఒట్టు తప్పినట్టు. వద్దంటే ఆమెకు ఆ పాత కూలి కూడా లేదు. హారన్ కొడుతున్న ఆటో డ్రైవర్ మీద అరిచాను. ఆ కేక ఎవరి మీదో నాకిప్పటికీ తెలియదు.

నారుకట్ట మీద అందరికంటే ముందు చెయ్యి వేసింది ఆ అవ్వే.