తల పట్టిన చేతులు

వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఆ కోడలికి రేడియో అని పేరు పెట్టింది వాళ్ళ అత్తగారే. చొక్కా కొలత తీసుకునేలోపు నాలుగిళ్ళ కబుర్లు చెప్పేసేది మరి. అలాంటి మనిషి ప్రథమ చికిత్స సంఘంలో చేరితే అత్తగారు పెదవి విరిచింది. "దీని వాగుడికి రోగి లేచి పారిపోతాడు!" అంది.

ఉన్నమాట చెప్పుకోవాలి. గొంతులో ముక్క అడ్డుపడి నీలంగా మారిన పోస్టుమాన్‌ను బతికించింది ఆ రేడియోనే. రంపానికి తెగిన వడ్రంగి చేతికి నెత్తురాపి కట్టు కట్టింది ఆమే. సంఘం అంబులెన్సెక్కి తిరిగే ఆడమనిషి ఆ పేట మొత్తానికి ఆమె ఒక్కతే. ఇవన్నీ అత్తగారు వినడమే గాని కళ్ళారా చూసింది లేదు.

చూసే రోజూ వచ్చింది. మేడగోడకు రంగు వేస్తున్న అత్తగారి చిన్నకొడుకు నిచ్చెన మీదనుంచి వెల్లకిలా పడ్డాడు. అత్తగారు గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి, కోడలు అప్పటికే అతని తల వెనక నేలమీద బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, ఆ తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఉంది.

"నాయనా!" అంటూ అత్తగారు పక్కన కూలబడబోయింది.

"అత్తయ్యా, ఆగండి! పక్కనుంచి పిలిస్తే మీవైపు తల తిప్పేస్తాడు. మెడ ఎముక విరిగుంటే అంతే సంగతులు. మొహానికి ఎదురుగా వంగి కనబడండి."

తల పట్టినవాళ్ళు మరో జత చేతులు అందుకునేదాకా వదలకూడదన్నది ఆ సంఘం కట్టుబాటు.

"వదినా, నేను మళ్ళీ నడుస్తానా?"

"అది డాక్టరు చెప్పాలి. కదలకుండా ఉండటం ఇప్పుడు మనిద్దరి పని. కండక్టరుగారి ప్యాంటు కథ చెప్తా, ఊ కొట్టు. తల మాత్రం ఊపావో, ఊరుకోను."

"ఊ."

"ఒక కాలు పొడుగు కుట్టానని పోట్లాటకొచ్చాడు. తీరా చూస్తే, బస్సులో నిలబడీ నిలబడీ మనిషే ఓ పక్కకి ఒరిగిపోయాడు!"

"నవ్వించకు వదినా."

"పళ్ళతో నవ్వు, మెడతో కాదు."

అత్తగారు కొడుకు మొహానికి ఎదురుగా వంగి చూస్తోంది. కోడలి కనురెప్ప మీద చీమ పాకుతోంది. చెమట కంట్లోకి కారుతోంది. నోరు గలగలా సాగుతూనే ఉంది, ఆ చేతులు మాత్రం రాతిలో చెక్కినట్టున్నాయి. భయంతో అటూ ఇటూ పరుగులు తీస్తున్న కొడుకు కళ్ళు ఆ మాటల మీదే నిలిచాయి.

అంబులెన్సు వచ్చింది. డ్రైవరు మోకాళ్ళ మీద కూర్చుని, తన చేతులు ఆనించి, "పట్టుకున్నాను" అన్నాకగాని ఆమె వదలలేదు.

ఎముక చిట్లింది గాని నరం దెబ్బతినలేదని, కదలనివ్వకుండా తెచ్చారు గనుక లేచి నడుస్తాడని డాక్టరు చెప్పాడు.

ఆస్పత్రి వరండాలో కోడలి వేళ్ళు మడత పడటం లేదు. అత్తగారే గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగించింది.

"ఇంతకీ ఆ ప్యాంటు ఏమైందే?"

కోడలి గొంతు బొంగురుపోయి మాట పెగల్లేదు.

"సర్లే, నువ్వు ఊరికే కూర్చో," అని అత్తగారు పక్క బెంచీ మీది ముసలమ్మ వైపు తిరిగింది. "ఇది మా పెద్దకోడలమ్మా. మా పోస్టుమాన్‌కి గొంతులో ముక్క అడ్డుపడిందా..."