ఊ కొట్టేవాళ్లకే చెప్పే మందు

కడపలో మా కాలేజీ లైబ్రరీకి పల్లె వైద్యుల మాటలు రికార్డు చేసి దాచే పని నాది. పోయినేడు ఇద్దరి ఇళ్లకు ఆలస్యంగా వెళ్లాను. ఒకరింట్లో పెద్దకర్మ జరుగుతోంది, ఇంకొకరికి మాట పడిపోయింది. ఆ సిగ్గు నాకింకా పోలేదు. అందుకే ఆత్మకూరు పక్కపల్లెలో బెణుకులకు ఆకుకట్టు కట్టే సుంకమ్మవ్వకు మతిమరుపు మొదలైందని తెలియగానే బయల్దేరాను.

ముందురోజే కర్నూలు చేరి, ఉదయం ఆరున్నరకు ఆత్మకూరు బస్సెక్కాను. రెండు గంటల ప్రయాణం, టికెట్టు వంద దాటింది. దిగి ఉగ్గాని, బజ్జీ తిని, రానూపోనూ మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. "సుంకమ్మవ్వ కాడికా? మాయమ్మ చెయ్యి బెణికితే ఆయమ్మే కట్టింది. ఎక్కప్పా!" అన్నాడు డ్రైవరు, చుట్టం గురించి చెప్పినట్టు.

అవ్వ అరుగు మీద ఉంది. ఫోను ముందుపెట్టి ఆకు పేరు అడిగాను.

"మందు పేరు ఊరికే చెప్పగూడదప్పా. మాయత్త కథలో పెట్టి ఇచ్చిండాది, కథలోనే తీసుకోవల్ల" అంటూ మొదలుపెట్టింది. కాలు బెణికిన మేక ఒకటి నీళ్లు పారే వంక దాటలేక, కనబడిన ప్రతి చెట్టునూ సాయం అడుగుతుంది. రికార్డింగులో నా గొంతు పడకూడదని బిగుసుకుని కూర్చున్నాను. అవ్వ ఠక్కున ఆపేసింది.

"ఏమప్పా, నిద్రపోతాండావా? ఊ కొట్టల్ల! ఊ కొట్టనోడికి చెప్పిన మందు పని చేయదు."

నవ్వి ఊ కొట్టాను. కథ సాగింది. ఒక చెట్టు మేకకు సాయం చేసింది, నేనడిగిన ఆకు దానిదే. కట్టు ఎన్ని రోజులుంచాలో చెప్పాల్సిన చోట అవ్వ నోరు ఆగిపోయింది. మూడా, అయిదా? అవ్వ కళ్లు మూసుకుని మేకను మళ్లీ వంక ఒడ్డుకు తెచ్చింది, చెట్లన్నిటినీ మళ్లీ అడిగించింది. ఈసారి ఆ చోటు రాగానే తడుముకోకుండా "మూడు పొద్దులు" అంది. నాకు కళ్లు చెమర్చాయి.

"ఎవరి పేరు రాయాలవ్వా?" అంటే, "నా పేరొకటే రాయాకు" అని అత్త, అత్తకత్త, ఆమె అత్త పేర్లు వరసగా చెప్పింది. మా కాగితంలో పేరుకు ఒకటే గడి. వెనక్కి తిప్పి రాశాను. అక్షరం ముక్క రాని మా సీమ ఆడవాళ్లు నాలుగు తరాలు తప్పిపోకుండా మోసిన చదువు అది. ఆ పేర్లు నా చేతిరాతలో లైబ్రరీలో ఉన్నాయని శానా గర్వంగా ఉంది. ఆకు పేరు మాత్రం ఇక్కడ రాయను, కథలో వినాల్సిందే. మీరూ ఇలాంటి పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేటట్లయితే ఎండ ముదరకముందే చేరండి, పేర్లు రాసుకోవడానికి తెల్లకాగితాలు ఎక్కువే పట్టుకెళ్లండి.