ఉంచే ముక్క మీద టిక్కు

పొద్దున్నే నా గది ముందరి బండలు కడుగుతుంటే తడిసిన నాపరాయి వాసన వచ్చింది. వికారాబాద్‌లో డ్రాయింగులు గీసే గది ఒకటి సొంతంగా పెట్టుకుని నాలుగేళ్లయింది. అయినా ఆ వాసన తగిలితే చాలు, నేను తాండూరులో షమీమ్ ఆపా గదిలోనే ఉంటాను, ఒక చెయ్యి వదులైన నీలం కుర్చీలో. ఆపా అంటే అక్క. ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా ఆవిడను అలాగే పిలిచేవారు. బండలు కోసి నునుపు చేసే యూనిట్లకు ఏ బండను ఏ కొలతలో, ఏ ఆకారంలో కోయాలో కంప్యూటర్‌లో గీసి ఇవ్వడం ఆవిడ పని. ఆ పని నాకు నేర్పింది ఆవిడే.

మాది నవాబుపేట దగ్గర పల్లె. వికారాబాద్‌లో ఆరు నెలల డ్రాయింగ్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్ పట్టుకుని రైలెక్కి ఆపా దగ్గరికి వెళ్లాను. ఆవిడ దాన్ని తెరిచి కూడా చూడలేదు. "నెల దినాలు చూస్త బిడ్డా. కుదిరితే ఉంచుకుంట, లేకుంటే నీ తొవ్వ నీది" అంది. ఇంట్లో నాన్న కూడా అదే నెల గడువిచ్చాడు. ఇది కుదరకపోతే కొడంగల్‌లో మా మేనత్త బట్టల కొట్టుకు వెళ్లాలి. విప్పిన చీరలు మళ్లీ మడత పెడుతూ బతకడం తలుచుకుంటేనే నాకు నీరసం వచ్చేది.

తీరా కూర్చుంటే మొదటిరోజే నా చదువు బయటపడింది. ఆపా వాడేది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఒకదాన్నొకటి దాటిపోయిన గీతల్ని కత్తిరించాలంటే, నేను నేర్చుకున్న దాంట్లో అక్కర్లేని ముక్క మీద నొక్కాలి. ఇక్కడ అంతా తిరగబడి ఉంది. ముందు ఎక్కడ ఆగాలో చెప్పే గీతను చూపించి, ఆ తర్వాత మిగలాల్సిన ముక్క మీద నొక్కాలి. నా వేలు వింటేనా? అలవాటుగా, దాటిపోయిన తోక మీద నొక్కేది, తోక మిగిలి అసలు గీత ఎగిరిపోయేది. ఎనిమిది మొనల నక్షత్రం గీయమంటే గంటన్నర కుస్తీ పట్టాను. ఆపా నా వెనక నిలబడి చాయ్ తాగుతూ నవ్వేది.

"పారేసేదాన్నే చూస్తున్నవ్ బిడ్డా. ఉంచేదాన్ని చూడు. ఇంకోటి, ఎనిమిది మొనలు ఎనిమిదిసార్లు ఎందుకు కత్తిరిస్తున్నవ్? ఒక్కటి మంచిగ చెయ్, మిగతా ఏడు దాన్నే తిప్పుకో."

ఆ రెండో మాట వెంటనే ఎక్కింది. మొదటిది ఎక్కలేదు. మూడో వారంలో ఒక ఫంక్షన్ హాలు నేలకు పసుపు బండలో అలాంటి నక్షత్రమే కావాల్సి వచ్చింది. ఆపా కొలతలకని కరణ్‌కోట వెళ్లింది. యూనిట్ మనిషి పెన్‌డ్రైవ్ కోసం గుమ్మంలో కూర్చున్నాడు. మొన దాటిన తోకలు ఎంతకీ తెగవు. అప్పుడు నాకో గొప్ప తెలివి పుట్టింది. తెర నల్లగా ఉంటుంది కదా, తోకలకు నలుపు రంగు వేశాను. మాయమయ్యాయి. ఆ ఒక్క మొననే ఏడుసార్లు తిప్పి నక్షత్రం పూర్తి చేసి పంపించి, నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికి పోయాను.

మర్నాడు యూనిట్ నుంచి ఫోను. ఆపా స్కూటీ వెనక కూర్చుని వెళ్లేసరికి ఎనిమిది బండలు గోడకు ఆనించి ఉన్నాయి. ప్రతి మొన దగ్గరా కోత ఆగకుండా బండలోకి ఇంకో జానెడు పోయింది. మిషన్ నడిపే అతను "డ్రాయింగుల ఉన్నదే కోసింది ఆపా" అన్నాడు. రంగుతో దానికేం పని, గీత ఉన్న చోటల్లా కోసుకుంటూ పోయింది. తప్పు మిషన్ మీదికి నెట్టేద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఆపా నావైపు చూసింది.

"తోకలు తెగలేదు ఆపా. కనబడకుండ నలుపు రంగేసిన" అన్నాను.

"నలుపేసినవా?" అని ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. మిషన్ అతనూ నవ్వాడు. నాకు మాత్రం కొడంగల్ బస్సు కళ్ల ముందు కదిలింది. నవ్వు ఆగాక ఆపా సంచీలోంచి సుద్దముక్క తీసి ఒక్కో బండలో బాగున్న భాగం మీద టిక్కు పెట్టసాగింది. అవి మెట్లకు పనికొస్తాయట. పెడుతూనే వాళ్ల నాన్న సంగతి చెప్పింది.

"మా అబ్బా ఖనిల బండలు కోసెటోడు. కొయ్యకముందు ఉంచే ముక్కకే టిక్కు పెట్టెటోడు. పోయేదానికి గుర్తెందుకు, అదే పోతది అనెటోడు. ఈ సాఫ్ట్‌వేర్ గూడ మా అబ్బా లెక్కనే ఉన్నది. ఇగో, పట్టు." మిగిలిన నాలుగు బండలకు నాతో పెట్టించింది. గదికి తిరిగొచ్చి కూర్చుంటే నా వేలు తోక దగ్గరికి పోనేలేదు. మొన దగ్గర రెండు గీతల్నీ, మిగలాల్సిన వైపే నొక్కి కత్తిరించాను. ఏడుసార్లు తిప్పాను. పది నిమిషాల్లో అయిపోయింది.

అయినా బండలు పాడు చేసినదాన్ని ఎవరు ఉంచుకుంటారు? నెల చివరిరోజు సాయంత్రం టిఫిన్ డబ్బా, స్కేలు, నీళ్ల సీసా సర్దుకుని కూర్చున్నాను. ఆపా లేచి నా కుర్చీ వెనక్కి వచ్చింది. ప్లాస్టిక్ మీద ఏదో గీరిన చప్పుడైంది. తిరిగి చూస్తే కుర్చీ వీపు మీద చేతి పొడవున తెల్లటి టిక్కు.

"రైలు టైమైంది, పో. రేపు జర జల్ది రా" అంది.

రైల్లో వికారాబాద్ దాకా నవ్వుకుంటూ ఏడ్చాను. ఎదుటి సీటావిడ పరేషాన్ అయి నాకు జామకాయ ఇచ్చింది. అంత సంతోషం నాకు సర్టిఫికెట్ వచ్చినరోజు కూడా లేదు.

ఇప్పుడూ తెర మీద గీతలు చిక్కుపడితే మౌస్ మీంచి చెయ్యి తీసి, ఇందులో ఏది మిగలాలి అని ముందు చూసుకుంటాను. నేను సొంతంగా గది పెట్టుకుంటానన్నప్పుడు ఆపా ఆ నీలం కుర్చీని తనే ఆటో ఎక్కించింది. సుద్ద గీత ఎన్నాళ్లుంటుంది, నా వీపు రాసుకుని చెరిగిపోతూ ఉంటుంది. కళ్ల పరీక్షకు వికారాబాద్ వచ్చినప్పుడల్లా ఆవిడ ముందు నా కుర్చీ వెనక్కే వెళుతుంది, కుశలం అడగడం ఆ తర్వాతే. ఇవాళ చూస్తే టిక్కు సగం పోయింది. ఆదివారం ఆపా వస్తోంది. సుద్దముక్క కొని పెట్టాను.